నీలమ్మ చేప

22 మే 1932, ఆదివారం

సన్యాల్ బాబుతో మొదటి రోజు. రైల్వే ట్రాలీ మీద ఉస్లాపూర్ స్టేషను దాటాం. అక్కణ్ణుంచి పొలాల గట్లమీద నడక. ఊరి పేరు సేమర్‌డీహ్. ఊరికి ఇవతల కూలిపోయిన గుడి.

ఆయన బళ్లో చరిత్ర చెప్పి రిటైరైన బెంగాలీ. ఛత్తీస్‌గఢ్ పాత గుళ్లమీద పుస్తకం రాస్తున్నాడు. రతన్‌పూర్, పాలీ, జాంజ్‌గీర్ చూడటం అయిపోయింది. మా రైల్వే డ్రాయింగు ఆఫీసులో నా గీత చూసి, దొరను అడిగి ఆదివారాలకు నన్ను తీసుకున్నాడు. జీతం లేదు. పుస్తకంలో బొమ్మల కింద నా పేరు వేస్తానన్నాడు. వంతెనలు గీస్తూ ఇన్నేళ్లయింది, ఎక్కడా నా పేరు లేదు.

గుడిలో గోడలు నడుమెత్తున మిగిలాయి. ద్వారబంధం కుడివైపు నిలిచి ఉంది. దాని అడుగున తాబేలు మీద నిలబడిన స్త్రీ, చేతిలో కుండ. యమున అని చెప్పాడు. ఎడమవైపు గంగ ఉండాలిట, మొసలి మీద. ఆ రాయి లేదు. మనిషి పట్టేంత ఖాళీ ఉంది. గడప రాయితో కలిపి చెక్కిన తోక మాత్రం మిగిలింది, చివర రెండు సుళ్లు తిరిగి.

తోక కొలిచేటప్పుడు చేతికి తడి తగిలింది. ఈ ఎండలో, చుట్టూ ఎక్కడా నీళ్లు లేని చోట.

29 మే, ఆదివారం

నీళ్లు పోసేది ఎవరో తెలిసింది. ఫూల్‌బాసన్ అనే ముసలామె. ఇత్తడి లోటాతో వచ్చింది, మమ్మల్ని పట్టించుకోకుండా తోక మీద పోసింది, పోతూ ఉంటే సన్యాల్ బాబు ఆపాడు.

యమున బాగానే ఉంది కదా, ఆమెకు పోయవా అన్నాడు నవ్వుతూ.

"ఆమె ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉన్నవాళ్లకి కాళ్లు కడుక్కోడానికి నీళ్లెందుకు?" అంది. తర్వాత ఖాళీ వైపు చూపించి, "దాయి రిసాయ్ గే హే బాబూ. ఆహీ," అంది. అమ్మ అలిగిపోయింది, వస్తుంది అని.

కట్నీ రైలు లైను వేసే రోజుల్లో ఎవరో కాంట్రాక్టరు కల్వర్టులకని ఇక్కడి రాళ్లు బళ్లకెత్తించాడట. అప్పటికి ఈమె చిన్నపిల్ల. బండి వెనక ఊరి చివరిదాకా పరిగెత్తిందట. "దాయిని వెల్లకిలా పడుకోబెట్టారు. ఆకాశం కేసి చూస్తూ పోయింది," అంది.

ఆ బళ్ల మేస్త్రీలు ఎవరని సన్యాల్ బాబు అడిగితే, ఆమె నావైపు చూసి, మీ భాష వాళ్లే అంది. అప్పట్లో లైను పనిలో అందరూ మన తెలుగువాళ్లే. అందులో కొత్త ఏమీ లేదు.

5 జూన్

ఇవాళ పోలేదు. మా ఆవిడ అచ్చియమ్మకు వేవిళ్లు ఇంకా తగ్గలేదు. ఐదో నెల.

సాయంత్రం అచ్చియమ్మ మా పిల్ల మంగ తాగే గ్లాసులో నీళ్లు నింపి కిటికీ దగ్గర పెట్టింది. మంగ పోయిన ఈ రెండేళ్లూ పెడుతూనే ఉంది. నేను అటు చూడను. పొద్దున్నే అమ్మ ఆ నీళ్లు తులసి కుండీలో పోసేస్తుంది.

అన్నం పెడుతూ అచ్చియమ్మ అంది: "ఈసారి నీలమ్మ తల్లికి మొక్కుకున్నానండీ. బిడ్డ బతికి బట్ట కడితే తల్లి చేపకి తోక ఏయిస్తానని."

"మంగప్పుడు మొక్కలేదా?"

"మొక్కితే ఏటి నాభం? తోక నేని చేప ఎంత బేగి ఈదగల్దు? తల్లి బయల్దేరే ఉంటాది. వొచ్చేసరికి ఆలీసమైపోనాది."

 మజ్జిగ పోసుకున్నాను.

12 జూన్

నీలమ్మ మన రైల్వే కాలనీ అమ్మవారు. మొదట వచ్చిన కుటుంబాలు క్వార్టర్లు ఇంకా లేని రోజుల్లో, యార్డులో రాళ్లగుట్ట దగ్గర చూశారు. చేతిలో ఘటం, కాళ్లకింద చేప. ఘటం పట్టుకుని చేప మీద నిలబడే తల్లి ఇంకెవరు? భీమిలి సముద్రంలోంచి తన పిల్లల వెనకాల ఈదుకుంటూ వచ్చింది, దారిలో తోక విరిగింది అన్నారు. అప్పుడు గుమ్మటం కట్టి, పసుపు పూసి నిలబెట్టారు. మొదట చూసినది మా అమ్మే. అప్పటికి కొత్త కోడలు. అందుకే ఇప్పటికీ స్నానం ఆమె చేతిమీదే.

ఇదంతా నాకు పుట్టినప్పటినుంచి తెలుసు. మళ్లీ ఎందుకు రాస్తున్నానో తెలీదు.

13 జూన్

ఆఫీసు. కల్వర్టు డ్రాయింగు రెండుసార్లు పాడుచేశాను.

12 జులై, మంగళవారం

ఆషాఢం స్నానం. ఏడాదికొకసారే అమ్మవారి ఒంటిమీది పసుపు మొత్తం కడుగుతారు. నీళ్లు మోయడానికి నేనున్నాను.

అమ్మ అమ్మవారి చీర తీసి, పీచుతో రుద్దుతూ ఉంటే పాత పసుపు పెచ్చులుగా రాలింది. లోపలినుంచి రాయి బయటపడింది. ఎర్రటి ఇసుకరాయి. సేమర్‌డీహ్ రాయే. కుండ పట్టుకున్న చెయ్యి, తల మీద కొప్పు, నడుం దగ్గర వంపు, అవతల యమునది ఎటు వంగిందో ఇది దానికి ఎదురు వంగింది. కాళ్లకింద ఉన్నది చేప కాదు. దాని నోట్లో పళ్లున్నాయి.

ముఖం దాదాపు అరిగిపోయింది. కళ్లు మిగిలాయి. ఆకాశం కేసి ఉన్నట్టున్నాయి.

జేబులో ట్రేసింగు గుడ్డ ఉంది. విరిగిన చోట పెట్టి పెన్సిలుతో అంచు తీశాను.

"ఏటిరా అది?" అంది అమ్మ.

"తోక చేయించాలంటే కొలత కావాలి కదా."

"కోడలు కడుపులో కాయ కడుపులోనే ఉంది, నీకు అప్పుడే తొందర. ముందు ఆ బిందె అందుకో."

17 జులై, ఆదివారం

వానలో సేమర్‌డీహ్ పోయాను, ఒక్కణ్ణే. గుడ్డను తోక పక్కన పెట్టి చూశాను.

సరిపోయింది.

18 జులై

సరిపోయింది అంటే, అంచు అంచుతో కలిసింది. ఇసుకరాయి ఎక్కడైనా ఇలాగే విరుగుతుంది.

14 ఆగస్టు, ఆదివారం

దయాల్‌బంద్‌లో సన్యాల్ బాబు ఇంట్లో. వానలకు బయటి పని లేదు. గోడలమీద, బల్లమీద, మంచం మీద కాగితాలే. ఏ శతాబ్దంలో కొప్పులు ఎలా చెక్కారో, ఏ రాజు కాలంలో ఇటుక పోయి రాయి వచ్చిందో చెబుతూనే ఉంటాడు. వినడానికి నాకు బాగుంటుంది. నేను గీసిన గీతకు వెయ్యేళ్ల వెనక ఇంకొకడి ఉలి ఉందని ఆయన చెప్పేదాకా నాకు తోచలేదు.

పుస్తకానికి నేను గీసిన సేమర్‌డీహ్ ప్లేటు చూసి అన్నాడు: "రావ్ బాబూ, ఈ గంగ ఎక్కడో ఉంది. అంత మంచి బొమ్మను ఏ మేస్త్రీ కల్వర్టులో పెట్టడు. రైల్వే మనుషుల్ని మీరు అడగండి. దొరికితే మ్యూజియానికి రాస్తాను. నా పుస్తకానికి అదే మొదటి బొమ్మ."

"ఊరివాళ్లు తిరిగి ఇమ్మంటే?"

"ఊరివాళ్లు ఎక్కడ పెట్టుకుంటారు? పశువులు కట్టేస్తారు." తర్వాత నన్నే చూస్తూ, "ఎందుకు, ఎక్కడైనా చూశారా?" అన్నాడు.

లేదన్నాను.

ప్రసవం అయ్యాక చెప్తాను. ఇప్పుడు అమ్మవారిని కదిలిస్తే అచ్చియమ్మ తట్టుకోలేదు. నాకు అలాంటి నమ్మకాలు లేవు. ఆమెకున్నాయి.

25 ఆగస్టు

అచ్చియమ్మకు రక్తం పడింది. రైల్వే ఆస్పత్రిలో ఉంచారు. కదలకూడదన్నారు.

26 ఆగస్టు

అలాగే ఉంది.

27 ఆగస్టు

ఇంట్లో మంగ గ్లాసు ఖాళీగా ఉంది. నింపుదామని తీశాను. ఎంతవరకు నింపుతుందో తెలీలేదు. మళ్లీ అక్కడే పెట్టేశాను.

28 ఆగస్టు, ఆదివారం

ఆస్పత్రిలో రెండు గంటలకు గాని లోపలికి రానివ్వరు. పొద్దున్నే సేమర్‌డీహ్ పోయాను. బురదలో మోకాళ్ల దాకా. ఎందుకు పోయానంటే కొలతలు ఒకసారి సరిచూడాలి.

ఆ ఖాళీ ముందు నిలబడ్డాను. వాన నీళ్లు తోకమీద పడి గడపలోంచి లోపలికి కారుతున్నాయి. గోడలో ఖాళీ ఉంటే ఖాళీలాగే కనిపించాలి. ఇది అలా లేదు. ఎవరో ఇప్పుడే పక్కకు తప్పుకుంటే మిగిలిన చోటులా ఉంది. మన క్వార్టర్లో మంగ పడుకునే మూల కూడా ఇలాగే ఉంటుంది. అక్కడ చాప వేయకపోయినా మేం చుట్టూ తిరిగే నడుస్తాం.

ఫూల్‌బాసన్ గోనెసంచి తలమీద కప్పుకుని వచ్చింది. అంత వానలోనూ లోటాతో నీళ్లు తెచ్చింది.

"వాన పోస్తోంది కదా," అన్నాను.

"వాన అందరికీ పోస్తుంది. ఇవి నేను పోసేవి," అంది. నా మొహం చూసి, ఇంట్లో బాగాలేదా అని అడిగింది. చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. ఆమె లోటాలో మిగిలిన నీళ్లు నా చేతుల్లో వంచి, "కళ్లకు రాసుకో. బిడ్డ నిలబడుతుంది," అంది.

రాసుకున్నాను. అప్పుడు నా నోటినుంచి వచ్చేసింది: "మా రైలు కాలనీలో ఒక అమ్మవారుంది. చేతిలో కుండ ఉంటుంది. ఒకసారి వచ్చి చూడు."

ఆమె ఖాళీ లోటాను కొంగుతో తుడిచింది. "వరి కోతలు అవ్వనీ. కోతలయ్యాక వస్తాను. ఇన్నాళ్లు ఉన్నాను, కోతలదాకా ఉండలేనా," అంది.

4 సెప్టెంబరు

అచ్చియమ్మను ఇంటికి పంపారు. మంచం దిగకూడదు. రక్తం ఆగింది.

ఆ రోజు ఫూల్‌బాసన్‌తో అలా అని ఉండాల్సింది కాదు. పల్లెటూరి మనిషి, ఇంత దూరం ఏం వస్తుంది.

19 అక్టోబరు, బుధవారం

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

20 అక్టోబరు

మంగ పోలిక లేదు. అమ్మ ఉందంటుంది.

8 నవంబరు, మంగళవారం

ఇరవైయొకటో రోజు. నీలవేణి అని పేరు పెట్టాం. కాలనీ అంతా వచ్చారు. పక్క క్వార్టరావిడ పిల్లను ఎత్తుకుని, "ఓలమ్మ, ఏటీ సూపు! టీసీ టికట్టు అడిగినట్టు సూస్తందే!" అంది. అందరూ నవ్వారు. అచ్చియమ్మ నవ్వడం రెండేళ్లకు చూశాను.

సాయంత్రం కిటికీ దగ్గర గ్లాసు పెట్టలేదు. మర్చిపోయిందో, మానేసిందో. 

పడుకోబోతూ అంది: "ఇంక తోక ఏయించెయ్యండి. మొక్కు నిలవుంచకూడదు."

"సంక్రాంతి వెళ్లాక చూద్దాం. సిమెంటు దొరకాలి."

"సెడ్డులో సిమెంటుకి కరువా? మీరు ఎందుకో యెనకాడతన్నారు."

వెనకాడటం లేదు. సన్యాల్ బాబుకు చెప్పాలి, అంతే. చెప్పాక కూడా తోక వేయించవచ్చు. కాని అప్పుడు అమ్మవారు ఉండదు.

10 నవంబరు

ఆఫీసు కిటికీలోంచి చూస్తే అవతలి పొలాల్లో వరి పండింది. ఇంకా కొయ్యలేదు.

వంతెనల మేస్త్రీ అప్పలకొండను కలిశాను. వచ్చే వారం పనిమీద రాయగఢ్ పోతాడట. వస్తే నెల దాటుతుంది. చేయిస్తే ఇప్పుడే చేయించాలి. అతని వీలు కోసమే.

13 నవంబరు, ఆదివారం

తోక బొమ్మ కావాలని అప్పలకొండ కూర్చున్నాడు. "చేప తోకేటి బాబూ, రెండు రెక్కలు ఏసి లాగేస్తాను," అన్నాడు. అలా వదిలేయవచ్చు. రెండు రెక్కల తోక పెడితే ఎవరు చూసినా కొత్తదని తెలుస్తుంది.

లోపలికి పోయి, ట్రేసింగు గుడ్డ తీసి, సేమర్‌డీహ్ తోకను పూర్తి సైజులో గీశాను. రెండు సుళ్లు, మధ్యలో ఆకులాంటి మడత, అంచున పూసలు. గీయడానికి పూటంతా పట్టింది. ఇంత బాగా ఎప్పుడూ గీయలేదు. గీస్తున్నంతసేపూ అదెందుకో అడగలేదు నన్ను నేను.

అప్పలకొండ చూసి తల గోక్కున్నాడు. "ఇదేటి చేప బాబూ? తోకకి కూడా నగలెట్టేసేరు."

"అమ్మవారి చేప."

"అచ్ఛా. అయితే రాతిపొడి కూడా కలుపుతాను, రంగు కలిసిపోద్ది."

15 నవంబరు, మంగళవారం

పని అయిపోయింది. విరిగిన చోట గాట్లు పెట్టి, ఇనపముక్క దింపి, సిమెంటు పోసి, బొమ్మ ప్రకారం చెక్కాడు. ఆరకముందే అతుకు ఎక్కడో కనిపించలేదు. అతను లేచి నడుం విరుచుకుని నావైపు చూశాడు.

"పుట్టినప్పట్నించీ ఈ తల్లికి తోక ఇదే అన్నట్టుంది. తవరికెలా తెలిసింది బాబూ?"

"అక్కడి గుళ్లలో చూశాను. అన్నీ ఇలాగే ఉంటాయి."

"వంతెన దిమ్మ కట్టినట్టు కట్టేను. ఏ వరదొచ్చినా ఇంక కదల్దు," అన్నాడు.

అచ్చియమ్మ పిల్లను అమ్మవారి కాళ్ల దగ్గర పడుకోబెట్టింది. అమ్మ తడి తోకకే పసుపు పూసేసింది.

20 నవంబరు

సన్యాల్ బాబుకు చెప్పడానికి ఇంక ఏమీ లేదు. విరిగిన అంచు సిమెంటు లోపల ఉంది. పక్కపక్కన పెట్టి చూపించలేను కదా.

27 నవంబరు

పొలాలు బోడిగా ఉన్నాయి.

6 డిసెంబరు, మంగళవారం

వచ్చింది.

మంగళవారం పూజకని లీవులో ఉన్నాను. పదిగంటలప్పుడు క్వార్టర్ల వరస చివర కనిపించింది. కొత్త చీర కట్టుకుంది. చేతిలో లోటా, మూతికి గుడ్డ కట్టి ఉంది. ఊరినుంచి నడిచే వచ్చిందట. నీళ్లు ఒలుకుతాయని రైలు ఎక్కలేదట.

అమ్మ, అచ్చియమ్మ గుమ్మటం దగ్గర ఉన్నారు. పిల్ల అచ్చియమ్మ ఒళ్లో ఉంది. ఎవరని అడిగితే, నేను కొలతలకు పోయే ఊరి మనిషి, అమ్మవారిని చూడాలంది అని చెప్పాను. అమ్మకు సంతోషం. కూరలవాళ్లతో మాట్లాడే హిందీలో రా రా అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

ఫూల్‌బాసన్ కుండ చూసింది. చెయ్యి ఎత్తింది గాని ముట్టుకోలేదు. పెదాలు కదిలాయి. తర్వాత కళ్ల దగ్గర ఆగింది. ఆ క్షణం నేను గుమ్మటం స్తంభం పట్టుకున్నాను.

కాళ్లు చూపించమంది.

అమ్మ అమ్మవారి చీర కుచ్చిళ్లు పైకెత్తింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో తోక తడిమింది. ఒక సుడి, రెండో సుడి, ఆకు మడత. వెనక్కి వచ్చి, అతుకు ఉండాల్సిన చోట ఆగింది. ఆగిందనే అనుకుంటాను.

అమ్మ గర్వంగా అంది: "సెప్పరా దానికి. ఈ తోక మనవే ఎట్టించేం అని. కోడలు మొక్కు అని."

ఫూల్‌బాసన్ నావైపు చూసింది, ఏమంటోంది అని.

"మా ఆవిడ మొక్కు గురించి చెబుతోంది," అన్నాను.

అది అబద్ధం కాదు.

ఆమె అచ్చియమ్మను చూసింది. ఒళ్లో పిల్లను చూసింది. ఆ రోజు చెప్పినది గుర్తొచ్చిందేమో, "నిలబడిందా?" అని నన్నడిగింది. తల ఊపాను. మంచిది అంది. చీర కొంగుతో చేతి పసుపు తుడుచుకుని లేచింది.

"చాలా బాగుంది బాబూ. మా దాయి కాదు. మా దాయి తోక మా దగ్గరే ఉంది. ఈమెకి తోక నిండుగా ఉంది."

ఏమంది అని అమ్మ అడిగింది. వాళ్ల అమ్మవారు వేరేట అని చెప్పాను. "మరేటి! మన తల్లి సముద్రం కాణ్ణించి ఈదుకుంటూ వొచ్చింది. ఆళ్ల ఊరు ఎందుకెల్తాది?" అని నవ్వింది అమ్మ. అచ్చియమ్మ లేచి ప్రసాదం పెట్టింది. లోటా చూసి, ఇంత దూరం తెచ్చావు, తల్లికి పొయ్యవా అని సైగ చేసింది.

ఫూల్‌బాసన్ లోటాను రెండు చేతులతో గుండెకి దగ్గరగా పట్టుకుంది. "ఇవి ఆమెవి," అంది. తర్వాత నాతో, "నువ్వు లైను మీద అంతా తిరుగుతావు. ఎక్కడైనా కనిపిస్తే చెప్పు. తోక లేకుండా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది."

చెప్తానన్నాను.

గేటు దాకా వెనకే వెళ్లాను. ఆమె వెనక్కి చూడలేదు. అడుగు జాగ్రత్తగా వేస్తూ, నీళ్లు ఒలక్కుండా, వచ్చిన దారినే పోయింది.

7 డిసెంబరు

అచ్చియమ్మ మళ్లీ గ్లాసులో నీళ్లు పెట్టింది. మానేశావనుకున్నాను అన్నాను.

"నాను ఎప్పుడు మానేసేను? పురిటి రోజులన్నీ అత్త పెట్టింది, మీరు పడుకున్నాక. మీరు సూడరు గదా," అంది.

18 డిసెంబరు, ఆదివారం

దయాల్‌బంద్. ప్లేట్లమీద పేర్లు రాసే పని. సేమర్‌డీహ్ ద్వారబంధానికి కుడివైపు యమున అని రాశాను. ఎడమవైపు ఏమి రాయను అని అడిగాను.

"దొరకలేదు అని రాయండి," అన్నాడు సన్యాల్ బాబు.

ఇండియన్ ఇంకుతో రాశాను. కింద మూలలో నా పేరు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయన్నాడు.